మూడు ముక్కల పరుపు

పోయిన నెల మా తాడేపల్లి అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు పెద్దాయన పోయారు. ఏడాదిన్నర మంచంలో ఉన్న మనిషి. పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే ఇద్దరు పనివాళ్ళు ఆయన పరుపును, లిఫ్టులో పట్టక, మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చి గేటు పక్కన చెత్తకుండీకి ఆనించి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. ఖరీదైన పరుపే. మధ్యలో మాత్రం మనిషి పడుకున్నంత మేర గుంట పడి ఉంది. నేను బాల్కనీలో కాఫీ గ్లాసు పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాను. మా వాచ్‌మన్ దాని పక్కనుంచి పోవాల్సి వస్తే రెండడుగులు ఎడంగా జరిగి పోతున్నాడు. మునిసిపాలిటీ బండివాళ్ళు చెత్తంతా ఎత్తి పరుపును మాత్రం వదిలేశారు. "ఏమిటి, అంత పరిశీలనగా చూస్తున్నావు, కొంటావా?" అన్నారు మా వారు వెనకనుంచి. పరుపు ఎక్కడ కనబడినా నాకు మా మేనత్త గుర్తుకొస్తుందని ఆయనకు తెలుసు. అయినా వేళాకోళం మానరు. మేనత్త అనగానే ఎవరికైనా ఆమె పెట్టిన చేగోడీలో, ఆమె పెట్టుకున్న పేచీలో గుర్తుకు రావాలి. నాకు మాత్రం చుట్టచుట్టిన పరుపు నెత్తిన పెట్టుకుని మట్టిరోడ్డు మీద నడిచొచ్చే సన్నటి మనిషి గుర్తుకొస్తుంది. ఆ సాయంత్రమే మా ఊరినుంచి ఫోను వచ్చింది, ఆమె గురించే. ఫోను సంగతి తర్వాత చెబుతాను. ముందు పరుపు సంగతి చెప్పకపోతే అది అర్థం కాదు.

నేను మాటల మనిషిని. ముప్ఫై ఏళ్ళకు పైగా బళ్ళో తెలుగు చెప్పాను. చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శిగా చేశాను. నేను ప్రార్థనకు లేచానంటే పొయ్యి మీద కూర పెట్టి వచ్చిన ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. సృష్టి మొదలుకొని మా వీధి చివరింటి గేదె ఈనడం దాకా ఏదీ వదిలిపెట్టేదాన్ని కాదు. "అమ్మగారి ప్రార్థనలోనే నా ప్రసంగం కూడా అయిపోయింది, ఇక కానుకలు పట్టేద్దాం" అని మా పాస్టరుగారు ఒక ఆదివారం అంటే అందరూ నవ్వారు. నేను అది మెప్పనుకుని ఆ వారమంతా సంతోషంగా తిరిగాను.

మా అత్త ఇందుకు పూర్తిగా ఎదురు. ఆమె నోటివెంట గట్టిగా ప్రార్థన విన్నవాళ్ళు మా ఊళ్ళో లేరు. కుటుంబ ప్రార్థనలో వరసగా ఒక్కొక్కరూ చేయాల్సి వస్తే, ఆమె వంతు వచ్చేసరికి ఒక చిన్న ఖాళీ వచ్చేది. ఆ ఖాళీ అయ్యాక "ఆమేన్" అనేది. అది అలవాటై ఆమె తర్వాతివాళ్ళు ఆ మాట కోసం కాచుకుని ఉండేవాళ్ళు. ఒక కొత్త సంవత్సరం ఆరాధనలో పాస్టరుగారు పట్టుబట్టి ఆమెను సాక్ష్యం చెప్పమన్నారు. సాక్ష్యమంటే ఆ ఏడాది దేవుడు తనకు చేసిన మేలు నలుగురిలో చెప్పుకోవడం. అత్త లేచింది. కొంగు సర్దుకుంది. మళ్ళీ సర్దుకుంది. "దక్షిణపు వీధి తాతకి నిన్న మాపటేల కాస్త గంజి దిగిందండి" అని కూర్చుంది. జనం గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఆ తాత ఎవరో, ఆయనకు గంజి పోస్తున్నది ఎవరో ఆ పూట ఎవరమూ అడగలేదు.

అత్తది కూలి బతుకు. మా నాన్న కాస్త చదువుకుని మిషను బళ్ళో మాస్టరయ్యాడు గానీ, చెల్లెలికి ఆ అదృష్టం పట్టలేదు. పత్తి తీతలకు, మిరపకోతలకు పోయేది. ఆమె భర్త, అంటే మా మామయ్య, పత్తి బస్తాలు లారీకెత్తుతూ పైనుంచి జారి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. పెళ్ళయి నాలుగేళ్ళు కూడా కాలేదు, పిల్లల్లేరు. నులక మంచంలో ఎనిమిది నెలలు పడుకుని ఆయన పోయాడు. నడుము విరిగినందుకు కాదు, వీపంతా పుళ్ళు పడి పోయాడు. ఆ ఎనిమిది నెలలూ చర్చివాళ్ళం విడతలు విడతలుగా వెళ్ళి మంచం చుట్టూ నిలబడి పాటలు పాడాం, ప్రార్థనలు చేశాం, టీలు తాగి వచ్చాం. నేనప్పుడు ట్రైనింగు చదువుతున్నాను. ఆయన మమ్మల్ని చూసి నవ్వడానికి ప్రయత్నించడం నాకు గుర్తుంది. ఆయన కింద ఏముందో చూసిన గుర్తు లేదు.

ఆయన పోయిన ఏడాదే అత్త పరుపు పని మొదలుపెట్టింది. ఆఖరి తీత అయిపోయాక పత్తి చేలల్లో సగం విచ్చిన కాయల్లో కాస్త కాస్త దూది మిగిలిపోతుంది. రైతులు దాన్ని పట్టించుకోరు, పశువులను తోలేస్తారు. కూలి అయిపోయాక ఆ పరిగె ఏరుకొచ్చి, ఇంట్లో కూర్చుని గింజలు ఒలిచి, రెండు వేసవులు పోగు చేసింది. మా ఊళ్ళో పరుపులు కుట్టే సాయిబుగారొకరు ఉండేవారు. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని, నారిని టంగు టంగుమనిపిస్తూ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవారు. అత్త ఆయన్ని అన్నా అనేది, ఆయన అత్తను చెల్లెమ్మా అనేవారు. వాళ్ళిద్దరూ కూర్చుని ఆలోచించి కుట్టింది మామూలు పరుపు కాదు. తలనుంచి నడుము దాకా ఒక ముక్క, నడుము కింద ఒక ముక్క, కాళ్ళకు ఒక ముక్క. మూడింటినీ నాడాలతో కలిపి కట్టాలి. నడుము కింది ముక్కకు ఒక జత కూడా ఉంది. మంచంలో ఉన్న మనిషి పక్క తడిపితే, కాస్త ఒరిగించి ఆ ముక్క లాగేసి జత ముక్క దూర్చేయవచ్చు, మనిషిని ఎత్తనక్కర్లేదు. దానికి గలీబులన్నీ మా అమ్మ తన కుట్టుమిషను మీద కుట్టిచ్చేది. చిరిగినప్పుడల్లా కొత్తవి కుట్టేది. అమ్మకు, అత్తకు వంటింటి తగాదాలు బోలెడు ఉండేవి గానీ గలీబుల దగ్గర ఎప్పుడూ మాట తేడా రాలేదు.

ఊళ్ళో ఎవరైనా మంచాన పడ్డారని తెలిస్తే అత్త పిలుపు కోసం చూసేది కాదు. పరుపు నెత్తిన పెట్టుకుని వెళ్ళి పరిచేది. రోజూ పొద్దున వెళ్ళి మైల గుడ్డల మూట పట్టుకుని కాలవకు పోయేది. ఆ ఇంటివాళ్ళది ఏ దేవుడు, ఏ వీధి అన్నది ఆమె అడగగా నేను వినలేదు. మనిషి పోయాక లోకమంతా చేసేది ఒకటే, ఆ పక్కను బయట పారేస్తారు, లేదా తగలబెడతారు. అత్త మాత్రం దాన్ని విప్పి, గలీబులు ఉడకబెట్టి, దూది ఎండకు పోసేది. ఎక్కడ ఎండబెట్టాలన్నది పెద్ద చిక్కు. మిరప కాలంలో మా ఊరి కల్లాలు, డాబాలు, వాకిళ్ళు అన్నీ ఎర్రగా కాయలతో నిండిపోయి ఉంటాయి. ఆ ఘాటు దూదిలోకి దిగితే రోగికి ఒళ్ళంతా మంట. కాయలు పొయ్యని డాబా ఊరు మొత్తానికి చర్చి డాబా ఒక్కటే. అందుకని కింద మేం ఆరాధన చేసుకుంటూ ఉంటే పైన చనిపోయినవాళ్ళ దూది ఆరుతూ ఉండేది. పాస్టరుగారు మొదట్లో మొహం చిట్లించారు. తర్వాత ఆయన సొంత అమ్మగారు మూడు నెలలు దాని మీదే పడుకుని పోయాక, మెట్ల తలుపు తాళం చెవి అత్తకే ఇచ్చేశారు. ఆరిన దూదిని సాయిబుగారు గడ్డలు విడిపోయేలా మళ్ళీ ఏకి, మళ్ళీ నింపి కుట్టేవారు.

ఇక్కడే మా ఊరు ఒక పొరపాటు చేసింది. పరుపు వచ్చిన ఇంట్లో మనిషి బతకడని ఒక మాట పుట్టింది. నిజానికి డాక్టర్లు చేతులెత్తేసే దాకా ఎవరూ ఆమెను గడప దాటనిచ్చేవాళ్ళు కారు, ఇక దాని మీదికి వచ్చినవాళ్ళు ఎన్నాళ్ళు ఉంటారు? ఎవరైనా కోలుకుని లేస్తే ఆ పేరు ప్రార్థనకు వచ్చేది, పోతే పరుపుకు వచ్చేది. శవపెట్టెలు చేసే వడ్రంగి, అత్త ఏ వీధి తిరిగిందో చూసుకుని చెక్కలు కోయడం మొదలుపెడతాడని ఒక హాస్యం. అత్త పరుపుతో కనబడితే ముసలివాళ్ళు లోపలికి పోయి తలుపు వేసుకునేవాళ్ళు. ఆమెకు ఇవన్నీ తెలుసో లేదో నాకు తెలియదు.

అలా చాలా ఏళ్ళు గడిచాక, మా అమ్మకు పక్షవాతం వచ్చింది. నాన్న అప్పటికే లేరు. నేనొక్కదాన్నే కూతుర్ని. మేం సత్తెనపల్లిలో అద్దెకున్న ఇల్లు రెండో అంతస్తు, పైకి ఇరుకు మెట్లు. అందుకని అమ్మను ఊళ్ళోనే ఉంచి నేను సెలవు పెట్టి వచ్చాను. కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. ఎడమ చెయ్యి ఆడేది, చెప్పింది అర్థమయ్యేది. నేను ఊళ్ళోని స్త్రీల సమాజాన్నంతా పిలిపించి మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టించాను. రెండో రోజు మధ్యాహ్నం, ఇల్లంతా ఆడవాళ్ళు, నేను మధ్యలో మోకాళ్ళ మీద ఉండి అమ్మను లేపమని దేవుణ్ణి నిలదీస్తున్నాను. నా గొంతు మంచి ఊపు మీద ఉంది. ఉన్నట్టుండి గుమ్మం దగ్గర కూర్చున్న ఒకామె "అయ్యో దేవుడా, వచ్చేసిందా!" అని ఏడుపు అందుకుంది. కళ్ళు తెరిచి చూస్తే వాకిట్లో అత్త, అరుగు మీద పరుపు దించుకుంటోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. భయపడ్డానని ఇప్పుడు ఒప్పుకుంటాను గానీ, అప్పుడది కోపంలాగే ఉంది. లేచి బయటికి వెళ్ళాను.

"నులక ఒరుసుకుపోద్దమ్మా, ఇది పరుద్దాం" అంది అత్త.

"ఎవరు తెమ్మన్నారు నిన్ను? మా అమ్మకేం కాలేదు, లేచి తిరుగుద్ది. తీసుకెళ్ళిపో అత్తా."

అత్త నా భుజం మీదుగా లోపల మంచం వైపు ఒకసారి చూసింది. "సరేనమ్మా" అంది. ఆ పరుపు చుట్ట నెత్తికెత్తుకోవాలంటే ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. నేను వెయ్యలేదు. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఆమె అరుగు కింద గొంతుకూర్చుని, చుట్టను నెత్తి మీదికి లాక్కుని, గోడ పట్టుకుని రెండు విడతల్లో లేచింది. ఆమెకు అప్పటికే అరవై దాటాయి. నేను లోపలికి వెళ్ళి ఆపిన చోటునుంచి మళ్ళీ ప్రార్థన అందుకున్నాను. "ఎంత విశ్వాసమండీ మీది!" అన్నారు తర్వాత ఆడవాళ్ళు.

ఇందులో అన్నిటికంటే నాకు మింగుడుపడనిది వేరే ఉంది. అమ్మను నేను ఒక్క మాట అడగలేదు. ఆ గలీబులు కుట్టింది ఆమె. ఆ పరుపు ఎందుకో ఊళ్ళో అత్త తర్వాత తెలిసిన మనిషి ఆమె. అవునంటే చెయ్యి నొక్కు, కాదంటే వదిలెయ్యి అంటే చెప్పగలిగేది, మంచినీళ్ళకు, మందులకు అలాగే చెప్పేది. గుమ్మంలోంచి ఆమెకు వాకిలి కనబడుతూనే ఉంది. నేను ఆమె తరపున దేవుడితో గంటలు గంటలు మాట్లాడాను గానీ ఆమెతో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున అత్త మళ్ళీ వచ్చింది, ఉత్త చేతులతో. పాత చీర ఒకటి అమ్మ వీపు కిందినుంచి దూర్చి, దాన్ని పట్టుకుని అమ్మను పక్కకు ఒత్తిగించింది. ఒళ్ళు తుడిచింది, గుడ్డలు మూట కట్టుకుని కాలవకు పోయింది. సాయంత్రం వచ్చి రెండో పక్కకు ఒత్తిగించింది. ఆ రోజునుంచి ఒక్క పూట మానలేదు. నా సెలవు అయిపోయి నేను శనాదివారాలే వచ్చే రోజుల్లో కూడా, పగటిపూటకు పెట్టుకున్న మనిషి ఎగ్గొట్టినా, అత్త మాత్రం వచ్చేది. అయినా పుండు పడింది. వెన్ను కింద మొదట వేలెడంత ఎర్రదనం, రెండు వారాల్లో అరచేతిమేర. మెత్తటి పక్క వెయ్యమన్నాడు డాక్టరు. నేను సత్తెనపల్లిలో కొబ్బరిపీచు పరుపు ఒకటి కొని తెచ్చాను. మొదటి రోజే తడిసింది. అది మళ్ళీ ఆరలేదు, పైన కుట్టిన గుడ్డ ఊడదు, ఉతకడానికి లేదు. దుర్వాసనకు తీసి పెరట్లో పడేశాం. అత్త ఇల్లు అక్కడికి నూరడుగులు. అత్తా, నీ పరుపు తేవే అని ఒక్క మాట అంటే ఆ పూటే పరిచేది. అనలేకపోయాను. అంటే అమ్మ పోతుందని ఒప్పుకున్నట్టు. అందులో నా పొగరు ఎంతో, భయం ఎంతో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

ఆఖరి నెలలో అమ్మ ఎడమ చేత్తో మంచం పట్టె మీద తడుతూ ఉండేది. పక్కన కూర్చోమంటోంది అనుకుని నేను కూర్చుని పాటలు పాడేదాన్ని. కాసేపు వినేది, మళ్ళీ తట్టేది. పరుపే అడుగుతోందేమో అని అమ్మ పోయిన చాలా రోజులకు తోచింది. అదేనో, కాదో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే తెలిసేది. సమాధి కార్యక్రమం అయ్యాక సాయిబుగారు మా ఇంటి అరుగు మీద కూర్చుని చాలాసేపు కండువాతో మొహం తుడుచుకుంటూ ఉన్నారు. వెళ్ళబోతూ అన్నారు: "మీ అత్త ఈ ఏడు మిరప చేలో అడుగు పెట్టలేదు, తెలుసా తల్లీ? కారం చేతులతో పుండు ముట్టుకుంటే మీ అమ్మ గిలగిల్లాడిపోద్దని." ఆముదం రాసుకుని దిగినా, సబ్బుతో ఎంత రుద్దినా, మిరపకాయలు కోసిన చేతుల మంట తెల్లారే దాకా పోదు. ఆ సంగతి మా ఊళ్ళో పుట్టిన ఎవరికైనా తెలుసు. మా వైపు కూలివాళ్ళకు ఏడాదంతా గడిచేది ఆ మూడు నెలల కోతల మీదే. అత్త ఆ ఏడు ఏం తిని బతికిందో నేను అడగలేదు. అడిగే మొహం లేదు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు అత్తను చూస్తూనే ఉన్నాను. పండక్కో, పెళ్ళికో వెళ్ళినప్పుడు "బాగున్నావా అమ్మా" అనేది. ఆ మధ్యాహ్నం ఊసు ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. క్షమించమని అడగడానికి నాలుగైదు సార్లు మాటలు కూర్చుకుని వెళ్ళాను. చక్కటి మాటలే, అరనిమిషంలో అయిపోయేవి. గుమ్మం దాకా వెళ్ళాక అవి ప్రార్థనల్లో వాడే మాటల్లా తోచి, చీర జాకెట్టు గుడ్డా చేతిలో పెట్టి వచ్చేదాన్ని.

ఇక ఫోను సంగతి. చేసింది సాయిబుగారి అమ్మాయి. ఆయన రెండేళ్ళ కిందట పోయారు, ఆఖరి నెలలు ఆ పరుపు మీదే. "టీచరమ్మగారూ, మా అత్తమ్మ కుళాయి కాడ జారి పడింది. తుంటి ఎముక ఇరిగిందంట. గుంటూరు తీసుకెళ్ళాం. గుండె తట్టుకోదు, ఆపరేషను వద్దన్నారు. ఇంటికి తెచ్చేశాం" అంది. మర్నాడే బయల్దేరాను. మా వారు ఏ వేళాకోళమూ ఆడకుండా సంచీ సర్దిపెట్టారు. గుంటూరులో దిగి, మందుల షాపులో గాలి పరుపు ఒకటి కొన్నాను. కరెంటు మోటారుతో గాలి ఎక్కుతూ దిగుతూ ఉండే రకం, పుళ్ళు పడవని హామీ ఇచ్చారు. మిరప కాలం కదా, సత్తెనపల్లి దాటినప్పటినుంచి బస్సులో అందరమూ వంతులవారీగా తుమ్ముతూనే ఉన్నాం.

అత్త సగమైపోయింది. గాలి పరుపు వేసి మోటారు పెడితే కాసేపు దాని చప్పుడు విని, "దీనికేందమ్మా ఇంత ఆయాసం?" అంది. సాయిబుగారి అమ్మాయీ నేనూ పకపకా నవ్వాం. మధ్యాహ్నం కరెంటు పోయింది. మళ్ళీ రావడానికి మూడు గంటలు పట్టింది. అంతసేపూ ఆమె గాలి దిగిన రబ్బరు మీద, చెక్క మీద పడుకున్నట్టే ఉంది. ఊరికి మూడు గంటలు కరెంటు ఉంటే రెండు గంటలు ఉండదు. మూడో రోజుకు వెన్ను కింద వేలెడంత ఎర్రదనం కనబడింది. ఆ ఎరుపు తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు.

పరుపు అటక మీద ఉంది. సాయిబుగారు పోయాక వాళ్ళమ్మాయి గలీబులు ఉతికి, దూది ఎండబెట్టి తెచ్చి ఇచ్చిందట. ఏకేవాళ్ళు లేక ముక్కలన్నీ అలాగే కుట్టి పైన పెట్టేశారు. ఈసారి నేను అడగాలనుకున్నాను. ముందు అడగాలి, తర్వాతే దించాలి. మంచం పక్కన కూర్చుని అత్త చెయ్యి పట్టుకున్నాను. "అత్తా, పరుపు దించమంటావా? నీకిష్టమైతేనే" అన్నాను.

అత్త ఒక్క ఊపిరిన అన్ని మాటలు మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. "మీ అమ్మకి పరవలేకపోయానమ్మా. నాదే తొందరపాటు. అంతమంది జనంలో తెచ్చా, నువ్వు బెదిరిపోయావు. నువ్వొక్కదానివే ఉన్నప్పుడు రావాల్సింది. ఆ తర్వాతన్నా మళ్ళీ తేవాల్సింది, ధైర్యం చాల్లేదు" అంది. తర్వాత, నా మొహం చూసి కాబోలు, "దించు తల్లీ" అంది.

ఇన్నేళ్ళూ ఆ తప్పు తనదనుకుని మోసిందామె. నేను నోరు తెరిచాను. కాదత్తా, నాది అనాలి, అంతే కదా. ఏడుపు తప్ప ఏమీ రాలేదు. ఆమె నా చెయ్యి వదలకుండా అలాగే పట్టుకుని ఉంది, ఓదార్చాల్సిన మనిషి తనే అయినట్టు.

దించి చూస్తే దూదంతా గడ్డలు కట్టి ఉంది. నడుము కింది ముక్కలో రాళ్ళు పోసినట్టే తగిలింది చేతికి. సాయిబుగారి విల్లు వాళ్ళింట్లోనే ఉంది, నారి తెగిపోయి. "మా నాన్న వాయిస్తుంటే వినడమేనండీ, నాకు రాదు" అంది వాళ్ళమ్మాయి. సత్తెనపల్లి వెళ్ళాను. మిషను మీద దూది ఏకే షాపులో కుర్రాయన మూట విప్పకుండానే, "పాత దూది మిషన్లో వెయ్యమండీ, దుమ్ము. ఫోము తీసుకోండి, తేలిక" అన్నాడు. ఫోము తడిస్తే ఎలా ఉతకాలని అడిగాను. నవ్వాడు. చుట్టుపక్కల ఊళ్ళలో అడగని మనిషి లేడు. విల్లు పట్టేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఇంత పత్తి పండే నేలలో గుప్పెడు దూది ఏకే మనిషి దొరకలేదు.

అందుకని వేళ్ళతోనే విప్పుతున్నాను. పొద్దున అత్తను ఒత్తిగించి, ఒళ్ళు తుడిచి, గుడ్డలు ఉతికి, ఆ తర్వాత గుమ్మంలో కూర్చుని గడ్డ తరవాత గడ్డ, పింజె పింజె విడదీస్తాను. అమ్మాయి పనినుంచి వచ్చాక తనూ ఒక చెయ్యి వేస్తుంది. ఆమె కూడా ఈ ఏడు మిరపకోతకు పోవడం లేదని మొన్ననే గమనించాను. ఎందుకని అడగలేదు, నాకు తెలుసు. రోజంతా కూర్చుంటే ఒక తలదిండు నిండేంత దూది అవుతుంది. నా వేళ్ళు బోర్డు మీద సుద్దముక్క పట్టిన వేళ్ళు, అంతకంటే చురుగ్గా కదలవు. పాస్టరుగారు, ఇప్పుడున్నాయన కుర్రవాడు, మొన్న వచ్చి "అమ్మగారూ, మీరుండగా నేనెందుకు, మీరే ప్రార్థన చెయ్యండి" అన్నాడు. చెయ్యలేనని చెప్పాను. ఆయనే చేశాడు. నేను దూది విప్పుతూ ఉండి, ఆఖర్న ఆమేన్ అన్నాను. మంచం మీదినుంచి అత్త కూడా అంది.

నడుము కింది ముక్క నిన్న పూర్తయింది. కుట్టి, అమ్మ కుట్టిన గలీబే ఒకటి తొడిగి, గాలి పరుపు తీసేసి దాన్ని పరిచాం. తల వైపు, కాళ్ళ వైపు మడతపెట్టిన దుప్పట్లు వేశాం. అత్త కళ్ళు మూసుకుని అరచేత్తో దాన్ని తడిమింది. ఎర్రదనం తగ్గలేదు. ఇంకా రెండు ముక్కలూ, జత ముక్కా ఉన్నాయి. రోజూ చూసి వెళ్ళే డాక్టరు గుమ్మం దాటాక గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. ఆ రోజు వాకిట్లోనుంచి ఈ పరుపును వెనక్కి పంపడానికి నాకు అరనిమిషం కూడా పట్టలేదు. దాన్నే మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకోవడానికి వారాలు పట్టేలా ఉంది, అన్ని వారాలు అత్త దగ్గర లేవు.